మెట్లకు వేసిన ఓటు

వార్డు ఎన్నికల ఫలితం తెలిసిన సాయంత్రం కటింగ్ మాస్టర్ ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన ఈల వేయడం భార్య విన్నది అదే మొదటిసారి.

"తొమ్మిదంటే తొమ్మిది ఓట్ల తేడా!" అన్నాడు, చెప్పులు విడవకుండానే కుర్చీలో వాలిపోతూ. "నేను దగ్గరుండి వేయించినవి పదకొండు. మరి వాణ్ణి గెలిపించిందెవరు?"

"మీరే. బాగా గుర్తుపెట్టుకోండి, రేపు మరిచిపోతారు" అంది భార్య, ఆరేసిన బట్టలు మడతపెడుతూ.

మాస్టర్ చొక్కాల ఫ్యాక్టరీలో బట్ట కత్తిరిస్తాడు. పొడవాటి బల్ల మీద అరవై పొరల బట్ట పరిచి, పైపొర మీద సుద్దతో గీత గీసి, మిషను కత్తిని ఆ గీత వెంట నడిపిస్తాడు. గీత ఒక్క వేలెడు పక్కకు పోయిందంటే పాడయ్యేది ఒక చొక్కా కాదు, అరవై. అందుకే ఆయన చేయీ తొందరపడదు, నోరూ తొందరపడదు. తక్కువ మాట్లాడేవాడి మాటకు బరువెక్కువ కాబట్టి వీధిలో ఏదైనా తేలనప్పుడు "మాస్టర్ ఏమన్నాడు?" అని అడగడం అందరికీ అలవాటు.

అంత నిదానస్తుడు ఆ ఎన్నికల్లో మాత్రం ఊగిపోయాడు. పెళ్లాంతో, కొడుకుతో, కోడలితో ఓట్లు వేయించాడు. బావమరిది ఇంటికెళ్లి అక్కడున్న నలుగురికీ చెప్పాడు. తన బల్ల దగ్గర పనిచేసే ముగ్గురిని టీకి తీసుకెళ్లి మరీ ఒప్పించాడు. తనది కలుపుకుంటే పదకొండు. అవన్నీ పడ్డది మైకుకు.

మైకు అసలు పేరు వీధిలో సగంమందికి తెలియదు. పెళ్లిళ్లలో, దుకాణాల ప్రారంభాల్లో, ఆటల పోటీల్లో మైకు పట్టుకుని మాట్లాడటం అతని వృత్తి. గొంతు వింటే ఎండలో నీడ దొరికినట్టుంటుంది. మూల మూలకీ దీపం అన్నాడు, పిల్లలకు పార్కు అన్నాడు, పది నిమిషాలకో బస్సు అన్నాడు. అతను చెబుతుంటే ఆ బస్సు అప్పుడే మలుపు తిరిగి వస్తున్నట్టు జనం తలలు తిప్పి చూశారు కూడా.

ఓడిపోయింది నర్సమ్మ. పెద్దాసుపత్రిలో నర్సుగా రిటైరై, రెండుసార్లు వార్డు మెంబరుగా చేసింది. ఆవిడ మాట సూదిమందులాంటిది. మేలు తర్వాత తెలుస్తుంది, మంట ముందు తెలుస్తుంది. పొద్దున్నే ఆరింటికి మురుగుకాలువ వెంట నడుచుకుంటూ పోయి, ఎవరింటి ముందు చెత్త కనిపిస్తే ఆ ఇంటి తలుపు కొట్టేది. ఖాళీగా పడున్న పాత పోస్టాఫీసు గదిని పట్టుబట్టి ఫ్యాక్టరీ ఆడవాళ్ల పిల్లల కోసం తెరిపించింది. ఇద్దరు ఆయాలు, పదిహేడుమంది పిల్లలు, గోడల నిండా రంగు సుద్దల గీతలు. మాస్టర్ మనవరాలు ఆ పదిహేడుమందిలో ఒకతి.

మాస్టర్‌కు నర్సమ్మ మీద ఉన్న కోపం వేరు. రెండేళ్ల కిందట ఆయన ఇంటి ముందు రెండు మెట్లు కట్టించుకున్నాడు. మంచి నునుపు రాయి, ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకునేంత వెడల్పు. కాకపోతే అవి కాలువ మీదికి జరిగాయి. వానాకాలం నీళ్లు ఎగదన్ని ఎగువ నాలుగిళ్లలోకి పోయాయి. నర్సమ్మ పలుగు పట్టిన ఇద్దరు మనుషులతో వచ్చి, వీధి వీధంతా చూస్తుండగా అంది: "బల్ల మీద గీత దాటని మనిషివి, వీధిలో గీత దాటావేం మాస్టరూ?"

అందరూ నవ్వారు. మెట్లు అరగంటలో పోయాయి. ఆ నవ్వు మాత్రం రెండేళ్లు ఆయన చెవిలో ఉండిపోయింది.

*

మొదటి మూడు నెలలూ బాగానే గడిచాయి. మైకు రెండు మూలల దీపాలు పెట్టించాడు. వాటిలో ఒకటి వెలిగింది కూడా. కనిపించిన ప్రతివాణ్ణీ భుజం మీద చెయ్యేసి పలకరించేవాడు. "చూశావా, మనిషంటే అలా ఉండాలి" అనేవాడు మాస్టర్ బావమరిదితో.

నాలుగో నెల నుంచి కాలువ వాసన రావడం మొదలైంది. ఆరో నెలకు దోమలు. "పైవాళ్లతో మాట్లాడుతున్నాను అన్నా" అనేవాడు మైకు, ఎప్పుడడిగినా. మాటలు కోటలు దాటుతున్నాయి గానీ చీపురు ఒక్కటీ కాలువలో దిగలేదు. తొమ్మిదో నెలలో ఒక సోమవారం పొద్దున కోడలు పిల్లను చంకనేసుకుని బయల్దేరి, పది నిమిషాల్లో మళ్లీ వెనక్కి వచ్చింది.

"గదికి తాళం వేసుంది మావయ్యా. లోపల మంచాలు, బొమ్మలు లేవు. పెద్ద బల్లొకటి, తిరిగే కుర్చీ వేశారు. మెంబరు గారి ఆఫీసట."

"పిల్లల్ని ఎక్కడ ఉంచమన్నారు?"

"పార్కు వచ్చేదాకా ఓపిక పట్టమన్నారు."

పార్కు సంగతి వింటే రాయి కూడా నవ్వుతుంది. కానీ ఆ రోజు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మాస్టర్ భార్యకు మోకాళ్ల నొప్పులు, పరుగెత్తే పిల్లను పట్టుకోలేదు. కొడుకు లారీ మీద వారానికి నాలుగు రోజులు బయటే ఉంటాడు. పదిరోజులు అటూ ఇటూ సర్దుకుని చివరికి కోడలు పని మానేసింది. కాలరు కుట్టడంలో ఆ ఫ్యాక్టరీలో ఆమె చేతికి ఎదురులేదు. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, ఎదురుగా ఆ గది తలుపును చూస్తూ ఉండేది. ఒక్క మాట అనేది కాదు. అనకపోవడమే మాస్టర్‌కు ముల్లులా గుచ్చుకునేది.

విచిత్రమేమిటంటే, వీధిలో ఎవరినడిగినా మైకుకు ఓటు వేయలేదనేవారు. టీకొట్టు వాడు వేయలేదు. బావమరిది వేయలేదు. పోలింగు రోజు మైకుతో ఫొటో దిగి గోడకు తగిలించుకున్న ఇస్త్రీ ఆయన కూడా "నేనా? రామరామ!" అన్నాడు. ఎవరూ ఓటు వేయకుండానే గెలిచిన మొనగాడు లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర మాస్టర్ కూడా ఆ దారే పట్టాడు. "అసలు నేను వాణ్ణి పూర్తిగా ఎప్పుడు నమ్మాను? ఏదో అందరూ అంటుంటే..."

భార్య గరిటె పక్కన పెట్టింది.

"వద్దండీ. ఆ మాట మాత్రం అనకండి. మీరు మైకును నమ్మీ వేయలేదు, నమ్మకా వేయలేదు. మీరు వేసింది మెట్లకు. రాయికి వేశారు ఓటు. మాచేతా రాయికే వేయించారు."

కోడలు తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. పిల్ల పళ్లెం మీద చెంచాతో వాయిస్తూనే ఉంది. మాస్టర్ పళ్లెం అలాగే వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

*

మర్నాడు పనిలో ఆయన చెయ్యి తప్పింది. పదిహేడేళ్లలో ఎన్నడూ లేనిది, కత్తి గీత దాటి లోపలికి వెళ్లింది. అరవై పొరలు. మిషను ఆపేసి అలా నిలబడిపోయాడు. బల్ల అవతల పనిచేసే ముసలాయన, మాస్టర్‌కు ఈ పని నేర్పినవాడు, కళ్లజోడు సవరించుకుని వచ్చి చూశాడు.

"ఏంట్రా, ఏడుస్తావా?"

"నలభై రెండు సైజు పెద్దాయనా. మొత్తం పోయింది."

"నలభై రెండు పోయింది. ముప్పై ఎనిమిది ఎక్కడికి పోయింది? తెగిన గుడ్డ అతుక్కోదురా. మిగిలిన గుడ్డతో ఏమొస్తుందో చూడు. సుద్ద అందుకో."

మధ్యాహ్నానికి అరవై పొరలూ ముప్పై ఎనిమిది సైజులో తేలాయి. సూపర్‌వైజరు నాలుగు తిట్లు తిట్టి, తీసుకెళ్లాడు. మాస్టర్ ఆ రోజు టీ కూడా తాగకుండా ఐదింటికి ఫ్యాక్టరీ దాటి, తిన్నగా నర్సమ్మ ఇంటికి నడిచాడు. మెట్లు పోయినప్పటి నుంచి ఆ గుమ్మం ముందు ఆయన తల తిప్పుకునే పోయేవాడు.

నర్సమ్మ కుండీలో మొక్కకు మట్టి వేస్తోంది. ఆయన్ని చూసి లేవలేదు.

"అమ్మా, నేను మీకు వ్యతిరేకంగా పదకొండు ఓట్లు వేయించాను."

"తెలుసు."

"మీ పనిలో తప్పుండి కాదు. నా మెట్లు కొట్టించారని. నన్ను క్షమించాలి."

"నీ క్షమాపణ పెట్టుకుని నేనేం చేసుకోను మాస్టరూ? కూరకు పనికొస్తుందా?" అని చేతులు దులుపుకుంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించి అంది: "ఆ రోజు నేను నిన్ను ఇంట్లోకి పిలిచి చెప్పాల్సింది. వీధిలో నిలబెట్టి అన్నాను. మెట్లు కొట్టించడం ఒప్పే, నవ్వించడం తప్పు. మనిషిని నవ్వులపాలు చేసి వాడి ఓటు నాకే రావాలంటే ఎలా వస్తుంది? సరే, అయిందేదో అయింది. ఇలా కూర్చో. నీకు సంతకాలు సేకరించడం వచ్చా?"

రాదన్నాడు.

"నేర్చుకుంటావు. నలభైమంది సంతకాలు పెట్టి అడిగితే మెంబరు పదిహేను రోజుల్లో వార్డు సభ పెట్టి తీరాలి. అడిగినవాటికి నిలబడి జవాబు చెప్పాలి. రూలుంది. ఇన్నేళ్లలో ఒక్కరూ వాడలేదు. నేనున్నప్పుడు నన్నూ ఎవరూ అడగలేదు, నాకేదో అన్నీ తెలిసినట్టు."

"వచ్చే ఎన్నికల్లో మీరే నిలబడండమ్మా. ఈసారి ఇరవై రెండు వేయిస్తాను."

"చాల్లే. నిన్నటిదాకా రాక్షసిని, ఇవాళ దేవతనా? నా మోకాళ్లు రిటైరయ్యాయి. కాగితం ఇస్తాను, పట్టుకెళ్లు."

*

సంతకాలంటే ఇంటింటికీ పోయి తలుపు కొట్టడమే అనుకున్నాడు మాస్టర్. మొదటి తలుపు దగ్గరే తెలిసింది అది కాదని. ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి, కాగితం అటూ ఇటూ తిప్పి, "నువ్వే కదా వేయమన్నావు? ఇప్పుడు నువ్వే వద్దంటావా? గాలి ఎటుంటే అటేనా మాస్టరూ?" అన్నాడు.

మాస్టర్ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో సర్దిచెప్పబోయాడు. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అవును, నేనే చెప్పాను. నర్సమ్మ మీద కోపంతో చెప్పాను. అతనికి పని వచ్చో రాదో చూడలేదు. తప్పు నాది."

ఇస్త్రీ ఆయన గోడ మీది ఫొటో కేసి ఒకసారి చూశాడు. "నేనెందుకు వేశానో చెప్పనా?" అన్నాడు మెల్లగా. "మా అమ్మాయి పెళ్లికి వాడు ఊరికే మైకు పట్టాడు. మొహమాటం. ఇలా ఇవ్వు, ఎక్కడ పెట్టాలి సంతకం?"

అక్కణ్ణుంచి ప్రతి ఇంట్లోనూ అదే వరస. మాస్టర్ ముందు తన తప్పు చెప్పుకోవడం, ఆ తర్వాత ఎదుటివాళ్ల నోటి తాళం ఊడటం. టీకొట్టు వాడు బస్సు కోసం వేశాడట. బస్సాగితే బేరం పెరుగుతుందని. ఒకామె, నర్సమ్మ ఎలాగూ గెలుస్తుందిలే, పాపం కుర్రాడికి ఒక్క ఓటైనా పడనీ అని జాలిపడి వేసిందట. బావమరిది "నువ్వు చెప్పావని" అన్నాడు సూటిగా. ఆ దెబ్బ మిగతా అన్నిటికన్నా గట్టిగా తగిలింది. ఇంకొకాయన అసలు వెళ్లనే లేదట, ఆ రోజు నిద్రొచ్చిందట. "నేనైతే తప్పు చేయలేదు కదా" అన్నాడు. "మీరు కూడా సంతకం పెట్టొచ్చు" అన్నాడు మాస్టర్.

వారంలో నలభై కాదు, నూట ఆరు అయ్యాయి. కాగితం చాలక వెనకవైపు కూడా నింపారు.

*

సభ ఆ గదిలోనే పెట్టారు. తిరిగే కుర్చీని గోడవారకు నెట్టి, బల్లలు వేశారు. గోడకు కొత్తగా సున్నం వేసినా, కింద మూరెడు ఎత్తున పిల్లల సుద్దగీతలు ఇంకా మసకగా కనిపిస్తున్నాయి.

మైకు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. గొంతు ఎప్పటిలాగే బాగుంది. రాబోయే రోజుల గురించి చెప్పాడు, ఐకమత్యం గురించి చెప్పాడు. చప్పట్లు కొట్టే చోట ఆగాడు. ఎవరూ కొట్టలేదు. ఆ నిశ్శబ్దానికి అతను అలవాటు పడినవాడు కాదు. కూర్చున్నాడు.

మాస్టర్ లేచాడు. రాత్రంతా వల్లెవేసుకున్న నాలుగు మాటల్లో మూడు మరిచిపోయాడు.

"నువ్వు గెలిచింది తొమ్మిది ఓట్లతో తమ్ముడూ. నీకు పడ్డవాటిలో పదకొండు నేను వేయించాను. కాబట్టి అడిగే బాధ్యత నాకు మిగతావాళ్ల కన్నా ఎక్కువ. నిన్ను తిట్టడానికి రాలేదు. ఈ గది..." అక్కడ నాలుగో మాటా పోయింది. చేతిలో సంతకాల కాగితం అటూ ఇటూ తిరగేశాడు.

పక్కనుంచి కోడలు లేచింది. చంకలో పిల్ల నిద్రపోతోంది.

"మెంబరు గారూ, ఈ గదిలోకి మీ కోసం వారానికి ఎంతమంది వస్తారు?"

"వస్తూ పోతూ ఉంటారమ్మా, జనం కదా..."

"పోయిన వారం ఏడుగురు వచ్చారు. అందులో ముగ్గురు మీ స్నేహితులు, పేకలు తెచ్చుకున్నారు. అంతకు ముందు వారం నలుగురు."

"నీకెలా తెలుసు?"

"నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది మీరే కదండీ? మా కిటికీ ఎదురుగానే మీ తలుపు. చూడక ఏం చేయను?"

గదంతా నవ్వింది. మాస్టర్ వీధి మధ్యలో నిలబడి అలాంటి నవ్వు విన్నవాడు కాబట్టి మైకు ముఖం చూశాడు. ఆ ముఖం మాడిపోతోంది.

"ఆగండి, నవ్వకండి" అన్నాడు మాస్టర్ గట్టిగా. ఆయన అంత గట్టిగా మాట్లాడటం అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. "అతణ్ణి చెప్పనివ్వండి. తమ్ముడూ, నిజం చెప్పు. ఏమైంది?"

మైకు కాసేపు చేతులు నలుపుకున్నాడు. మాట్లాడినప్పుడు ఆ గొంతు వేరేగా ఉంది, సన్నగా, మామూలు మనిషి గొంతులా.

"గెలిచిన రోజు రెండొందలమంది వచ్చి నాతో ఫొటోలు దిగారు. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు అన్నా. తొమ్మిది నెలలు వెనకాల తిట్టుకున్నారు, నాకు తెలుసు. మెంబరు ఏం చేయాలో నాకు తెలియదు. ఎవరి దగ్గరికి పోవాలో, ఏ కాగితం రాయాలో తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. ఆఫీసొకటి ఉంటే పని దానంతటదే వస్తుందనుకున్నాను."

వెనక బల్ల మీద నుంచి నర్సమ్మ గొంతు వినిపించింది. "కుర్చీలోంచి రాదు బాబూ పని. కాలువలోంచి వస్తుంది. రేపు పొద్దున్నే ఆరింటికి మా ఇంటికి రా. పాత చెప్పులు వేసుకుని రా."

ఈసారి మైకు కూడా నవ్వాడు.

*

అన్నీ చక్కబడ్డాయని చెప్తే అబద్ధం. పార్కు రాలేదు, వచ్చే సూచనలూ లేవు. రెండో దీపం ఇంకా వెలగలేదు. గది తాళంచెవి మైకు తిరిగిచ్చేశాడు గానీ, ఇద్దరు ఆయాల్లో ఒకరికి వేరేచోట పని దొరికింది, ఒక్కామె తిరిగొచ్చింది. అందుకని గది మూడింటిదాకే నడుస్తుంది. ఆ తర్వాత రెండు గంటలూ వీధిలో ఇళ్ల దగ్గరుండే పెద్దవాళ్లు వంతులు వేసుకున్నారు. మాస్టర్ భార్య వంతు గురువారం. పిల్లల్ని పట్టుకోలేకపోయినా, కూర్చోబెట్టి కథలు చెప్పగలనంది.

కాలువ మాత్రం సగం బాగుపడింది. మైకు పొద్దున్నే ముక్కుకు గుడ్డ కట్టుకుని నర్సమ్మ వెనక నడవడం, ఆవిడ చేత్తో చూపిస్తుంటే పుస్తకంలో రాసుకోవడం అందరూ చూశారు. పట్టణ కార్యాలయంలో మూడుసార్లు తిప్పి పంపితే నాలుగోసారి ఆ గొంతంతా అక్కడ వాడాడట. మర్నాడే బండి వచ్చింది. మూడు నెలలకోసారి సభ. తర్వాతి సభకు ముప్పైమంది, ఆ తర్వాతి దానికి పద్దెనిమిది మంది వచ్చారు. "తగ్గుతున్నారు" అన్నాడు మాస్టర్ దిగులుగా. "సున్నా నుంచి పద్దెనిమిది మావయ్యా" అంది కోడలు. గది చూసుకునే సంఘానికి ఆమెనే పెద్దను చేశారు. వచ్చే ఎన్నికల్లో ఆమెను నిలబెట్టాలని టీకొట్టు దగ్గర అప్పుడే మాట నడుస్తోంది. మాస్టర్‌ను అడిగితే "ముందు ఆమెను అడగండి. నన్నెందుకు అడుగుతారు?" అంటున్నాడు.

గది మళ్లీ తెరిచిన సోమవారమే కోడలు తిరిగి ఫ్యాక్టరీలో చేరిన తొలిరోజు. మిషను సర్దుకోవాలని ముందే వెళ్లిపోయింది. మనవరాల్ని దిగబెట్టే పని మాస్టర్ మీద పడింది. కొత్త గౌను తొడిగి, చేతికి చిన్న సంచి ఇచ్చి, గర్వంగా వీధి దాటించాడు. ఇంత పోరాడి తెరిపించిన గది కదా, పిల్ల ఎగిరి గంతేస్తుందనుకున్నాడు.

పిల్ల గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, వెనక్కి తిరిగి ఆయన మెడ పట్టుకుని ఆకాశం అదిరేలా ఏడుపందుకుంది.

"వెళ్లమ్మా, బొమ్మలున్నాయి చూడు."

"వద్దు!"

"నీకోసమే తెరిపించాం రా తల్లీ. నూట ఆరు సంతకాలు!"

"వద్దంటే వద్దు!"

ఆయా నవ్వుతూ, "మీరు కనిపిస్తున్నంతసేపూ ఏడుస్తుంది బాబాయ్, వదిలేసి వెళ్లండి" అంది. మాస్టర్‌కు వదలబుద్ధి కాలేదు. చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి పిల్ల చేతిలో పెట్టి, గోడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కొత్త సున్నం మీద ఒక గీత గీసి చూపించాడు. పిల్ల వెక్కుతూ వెక్కుతూ దాని పక్కన ఇంకొకటి గీసింది, వంకరగా. ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చి చూశారు. ఒకడు సుద్ద లాక్కున్నాడు. పిల్ల మళ్లీ లాక్కుంది. ఆ పేచీలో తాతను మరిచిపోయింది.

ఫ్యాక్టరీ సైరను కూసి పది నిమిషాలైంది. పదిహేడేళ్లలో మొదటిసారి ఆలస్యమవుతున్నాడు. మాస్టర్ చప్పుడు చేయకుండా లేచి, మోకాళ్ల మీది సున్నం దులుపుకుని, వీధిలోకి వచ్చి పరుగులాంటి నడక అందుకున్నాడు.